చర్చ్ స్ట్రీట్ పాప్ ఫ్యాన్ కేఫ్: చర్చ బాగుంది, బొట్టు ప్యాకెట్ బాగాలేదు

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌కి ఆనుకుని ఉన్న ఒక సందులో, మొదటి అంతస్తులో, పాప్ సంగీతం అభిమానుల కోసమే నడుపుతున్న కేఫ్ ఇది. పేరు రాయడం లేదు. ఇందులో గట్టి ఫిర్యాదు ఒకటి ఉంది, అది యజమానులకి ఎదురుగానే చెప్పాను, సరిచేస్తామన్నారు, ఆ అవకాశం వాళ్ళకి ఇవ్వాలి. అటువైపు తిరిగేవాళ్ళు ఎలాగూ గుర్తుపడతారు: మెట్లెక్కుతుంటేనే గోడ నిండా ఆల్బమ్ పోస్టర్లు, పైన ఫోటోకార్డులు (ఆల్బములతో పాటు వచ్చే స్టార్ల చిన్న ఫోటోలు) మార్చుకోవడానికి పెద్ద బోర్డు, ఓ మూల చిన్న స్టేజీ, కింద తలుపు పక్కన వస్తువులు అమ్మే కౌంటర్. ముందే చెప్పేస్తాను, శనివారం సాయంత్రం ఇక్కడ అభిమానులతో పెట్టే చర్చ కోసం తప్పకుండా వెళ్ళొచ్చు, తిండి పర్వాలేదు, కౌంటర్ దగ్గర మాత్రం పర్సు తీసేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి.

మా చెల్లి క్యాట్స్‌ఐ అనే పాప్ గ్రూప్ అభిమాని, నన్ను తీసుకెళ్ళింది తనే. తెలియనివాళ్ళ కోసం: బీటీఎస్ అనే కొరియా అబ్బాయిల గ్రూప్ వెనకున్న కంపెనీ హైబ్, అమెరికా కంపెనీ గెఫెన్ రికార్డ్స్ కలిసి 2023లో డ్రీమ్ అకాడమీ అని ఒక పోటీ పెట్టి ఆరుగురు అమ్మాయిల్ని ఎంచుకుని ఈ గ్రూప్‌ని నిలబెట్టాయి. 2024 జూన్‌లో మొదటి పాట వచ్చింది. 2026 గ్రామీలకి ఉత్తమ కొత్త కళాకారుల విభాగంలో నామినేషన్ కూడా దక్కింది. ఆరుగురిలో లారా రాజ్ అమెరికాలో పుట్టిన తమిళ కుటుంబం అమ్మాయి, పుట్టింది 2005లో. స్టేజీ మీద, వీడియోల్లో, ఫోటోషూట్లలో చాలాసార్లు నుదుట బొట్టుతో కనిపిస్తుంది. ఆ రోజు చర్చ మొత్తం ఆ బొట్టు గురించే. అది ఆ పిల్ల ఇష్టంతో పెట్టుకున్నదా, కంపెనీ స్టైలిస్టులు అతికించిన ట్రేడ్‌మార్కా? ఆమెని చూసి వేరే దేశాల అభిమానులు కచేరీలకి బొట్టు పెట్టుకుని వెళ్తే అభిమానమనాలా, మన సొత్తుని లాక్కోవడమనాలా? బెంగళూరులో ఉద్యోగాలకీ చదువులకీ వచ్చిన తెలుగువాళ్ళు ఒక బ్యాచ్‌గా అడిగితే ఆ శనివారం తెలుగులోనే నడిపారు. మధ్యలో కన్నడ, తమిళం, ఇంగ్లీషు దొర్లాయి, ఎవరూ అడ్డు చెప్పలేదు.

తిండి సంగతి చెప్పేస్తాను. కిమ్చీ ఫ్రైడ్ రైస్ బాగుంది, పులుపు సరిగ్గా పట్టింది. తొక్‌బొక్కి (కారం సాస్‌లో వండే కొరియా బియ్యప్పిండి ముక్కలు) మాత్రం చల్లారిపోయి రబ్బరులా వచ్చింది, మార్చమంటే మార్చారు. శాకాహారులు ఒక మాట అడిగి తీసుకోండి, సాస్‌లో చేపల నీళ్ళు కలుస్తాయో లేదో అక్కడి కుర్రాళ్ళకి తెలుసు, కానీ మెనూ మీద రాసి లేదు. బబుల్ టీ తీపి ఎక్కువ, తగ్గించమంటే తగ్గిస్తారు. చర్చకి టికెట్ ఐదొందలు, అందులో మూడొందలు తిండికి వాడుకోవచ్చు. చర్చ్ స్ట్రీట్‌లో ఈ ధర ఎక్కువేమీ కాదు.

ఇక అసలు విషయం. నడిపించిన తమ్ముడికి పాతికేళ్ళు కూడా ఉండవేమో, నెల్లూరు యాస, ఎంత ఓపికో. మొదలుపెట్టేముందే మూడు మాటలు చెప్పాడు: ఆ అమ్మాయి ఒళ్ళు గురించీ, ఇంట్లోవాళ్ళ గురించీ ఎవరూ మాట్లాడొద్దు, ఒకరు మైక్ పట్టుకుంటే ఇంకొకరు అరవొద్దు, 'నిజమైన ఫ్యాన్ అయితే' అనే మాటతో ఎవరి నోరూ మూయించొద్దు. ఈ మూడోది నాకు చాలా నచ్చింది. మనం హీరోల కోసం కొట్టుకునే జాతి, సినిమా బాగాలేదన్నవాడిని ద్రోహి అనేస్తాం. పాప్ అభిమానులూ అంతే, తమ స్టార్‌ని ప్రశ్నిస్తే పక్క గ్రూప్ ఫ్యాన్ అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర భయం లేకపోవడం వల్లే ఆ రోజు ముప్పైమంది దాకా ఉన్న గదిలో మాట్లాడాలనుకున్నవాళ్ళంతా మాట్లాడగలిగారు.

మొదట మాట్లాడినవాళ్ళు లారా వైపే. ఒక అమ్మాయి చెప్పింది, చిన్నప్పుడు పాప్ వీడియోల్లో తనలాంటి రంగు, తనలాంటి కళ్ళు ఉన్నవాళ్ళు ఒక్కరూ కనబడేవాళ్ళు కాదట, ఇప్పుడు ఒకమ్మాయి బొట్టు పెట్టుకుని లక్షలమంది ముందు నిలబడి పాడుతుంటే దాన్ని కంపెనీ ఎత్తు అని కొట్టిపారేయడం తనకి బాధగా ఉంటుందట. 'అమెరికాలో పుడితే తమిళపిల్ల కాకుండా పోతుందా?' అని అడిగింది. ఈ మాటకి చప్పట్లు. నేనూ కొట్టాను. విదేశాల్లో పుట్టిన మన పిల్లల్ని ఇక్కడికి వస్తే 'తెలుగు సరిగ్గా రాదు' అని ఎత్తిపొడుస్తాం, అక్కడ వాళ్ళు మన గుర్తుల్ని మొహం మీద పెట్టుకుంటే 'నీకేం తెలుసని' అంటాం. ఎటూ నిలవనివ్వకపోతే వాళ్ళెక్కడికి పోవాలి?

తర్వాత నడిపించే తమ్ముడు స్క్రీన్ మీద అమెరికా గాయని సెలీనా గోమెజ్ 2013 నాటి ఫోటో పెట్టాడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఎమ్‌టీవీ మూవీ అవార్డుల వేదిక మీద ఆమె నుదుట బొట్టుతో పాడింది. అప్పుడు ఆమెకి ఇరవయ్యేళ్ళు. అమెరికాలోని హిందూ సంఘాల పెద్దలు అభ్యంతరం చెప్పారు, పెద్ద గొడవైంది. అంతకుముందే 1990లలో ఇంకో అమెరికా గాయని గ్వెన్ స్టెఫానీ బొట్టుని తన గుర్తుగా చేసుకుంది, ఆమె బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే టోనీ కనాల్ భారతీయ కుటుంబంలో పుట్టినవాడు, ఆ ఇంటి పరిచయంతోనే ఆమెకి ఇది అలవాటైంది. ఇక్కడ గది రెండుగా చీలింది. ఇండియాలో పుట్టి పెరిగినవాళ్ళలో చాలామంది 'పెట్టుకుంటే పెట్టుకోనీ, మనకేం పోయింది, రెండు రూపాయల స్టిక్కర్' అన్నారు. నిజమే, మనింట్లో బాత్‌రూమ్ అద్దానికి అతికించి మర్చిపోయే వస్తువు అది. దాని మీద అంత కోపం దేనికని మనకి అనిపిస్తుంది.

ఆ 'మనకేం పోయింది'కి సమాధానం న్యూజెర్సీలో ఐదారేళ్ళు ఉండి వచ్చిన ఒకావిడ చెప్పింది. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో భారతీయుల్ని తరిమేస్తామని ఒక ముఠా బయల్దేరింది. తమకి తాము పెట్టుకున్న పేరే డాట్‌బస్టర్స్, మన ఆడవాళ్ళ నుదుటి మీది బొట్టుని చూసి పెట్టుకున్న పేరు. భారతీయులు ఊరు వదిలిపోయేదాకా ఎంతకైనా తెగిస్తామని వాళ్ళు రాసిన ఉత్తరం అక్కడి పత్రికలో అచ్చయింది. ఆ ఏడాదే పక్కనున్న హోబోకెన్‌లో బ్యాంకులో పనిచేసే ఒక భారతీయుణ్ణి కొంతమంది కుర్రాళ్ళు కొట్టి చంపారు. ఆయన పార్సీ, మొహం మీద ఏ బొట్టూ లేని మగమనిషి. ఆ కాలంలో అక్కడున్న మన ఆడవాళ్ళకి బొట్టుతో బయటికి వెళ్ళాలంటేనే గుండెల్లో దడ. అలాంటి భయం చూసిన తల్లుల కూతుళ్ళు పదేళ్ళు తిరక్కుండానే అదే బొట్టుని టీవీలో ఫ్యాషన్‌గా చూశారు. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఎంతమందికి ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో చుట్టాలున్నారో, వాళ్ళ పిల్లలకి బొట్టు విషయంలో మనకంటే ఎందుకు ఎక్కువ నొప్పి కలుగుతుందో ఆవిడ మాటలతో నాకు బాగా అర్థమైంది. ఒకరు పెట్టుకుంటే దెబ్బలు, ఇంకొకరు పెట్టుకుంటే అవార్డుల స్టేజీ మీద వెలుగు, కోపం ఆ తేడా మీద. స్టిక్కర్ ఖరీదుతో దానికి పనిలేదు.

కానీ కోపం ఎవరి మీద చూపించాలి? ఈ ప్రశ్న మా చెల్లి అడిగింది. తను మామూలుగా జనంలో మాట్లాడదు. బ్లాక్‌పింక్ అనే కొరియా అమ్మాయిల గ్రూప్ 2020 సంగతి ఎత్తింది. ఆ ఏడాది జూన్ 26న వచ్చిన వాళ్ళ మ్యూజిక్ వీడియోలో ఆ గ్రూప్‌లోని లీసా కూర్చున్న సింహాసనం పక్కన వినాయకుడి విగ్రహాన్ని నేల మీద పెట్టారు. ఇక్కడి అభిమానులే ముందుగా చూసి అడిగారు. దేవుణ్ణి అలంకరణ సామానులా నేల మీద పెట్టడమేంటని కంపెనీకి మెయిళ్ళు, పోస్టులు. కొద్ది రోజుల్లోనే ఆ కంపెనీ, వైజీ ఎంటర్‌టైన్‌మెంట్, ఆ వీడియోని సరిచేసి విగ్రహం లేకుండా చేసింది. మా చెల్లి చెప్పిందేమిటంటే, 'అక్కా, ఆ విగ్రహం అక్కడ పెట్టింది లీసా కాదు. సెట్ వేసినవాళ్ళు, ఓకే చేసినవాళ్ళు వేరే ఉన్నారు. పైగా లీసా థాయ్‌లాండ్ అమ్మాయి, అక్కడ వినాయకుణ్ణి భక్తిగా కొలుస్తారు. మనం కంపెనీని అడిగాం కాబట్టి పని జరిగింది. ఆ అమ్మాయిని తిట్టినవాళ్ళ వల్ల ఏమీ జరగలేదు.' నన్ను చూసి చెప్పినా గదంతా విన్నారు.

దీనితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పద్దెనిమిదీ ఇరవయ్యేళ్ళ పిల్లల జుట్టు రంగు, బట్టలు, ఇంటర్వ్యూలో నవ్వే నవ్వు దాకా ఒక టీమ్ కూర్చుని తయారుచేస్తుంది. పబ్లిక్ ఇమేజ్ అంటే అక్కడ ఒక డిపార్ట్‌మెంట్ పని. బాగా పోతే కంపెనీకి లాభం, చెడితే ఆ పిల్ల ఇన్‌బాక్స్ నిండా బూతులు. ఈ లెక్క మనం మార్చాలి. ఆ పిల్లకి బాధ్యతే లేదని కాదు, వయసు పెరిగేకొద్దీ, పేరు పెరిగేకొద్దీ వద్దని చెప్పే బలం కూడా వస్తుంది, అప్పుడు అడగాలి. కానీ మొదటి ఉత్తరం ఎప్పుడూ కంపెనీకే వెళ్ళాలి. అభిమానం ఉన్నవాళ్ళే అడగాలి, ఎందుకంటే ఆల్బములు కొనేది వాళ్ళే, కంపెనీ వినేది వాళ్ళ మాటే.

ఇక్కడితో అయిపోయుంటే ఇది మంచి చర్చ అనేదాన్ని అంతే. కానీ వెనక వరసలో కూర్చున్న ఒకమ్మాయి మైక్ అడిగింది. అనంతపురం వైపు తండా నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తోంది. 'మీరంతా బయటివాళ్ళ గురించి మాట్లాడుతున్నారు, నేను మన గురించి మాట్లాడతాను' అని మొదలుపెట్టింది. వాళ్ళ నానమ్మ జీవితాంతం అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టిన ఫేటియా (లంగా), కాంచళి (రవిక) కట్టింది. బస్సులో పక్కన కూర్చోవడానికి జనం వెనకాడేవాళ్ళు, సంతలో వేరేగా చూసేవాళ్ళు. అమ్మ స్కూల్‌కి వెళ్ళాక ఆ బట్టలు మానేసింది, మానేస్తేనే తోటి పిల్లలు దగ్గరికి రానిచ్చారు. 'నేను ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది కాలేజీ డేకి మా క్లాసు అమ్మాయిలు అవే బట్టలు అద్దెకి తెచ్చుకుని లంబాడీ డాన్స్ వేశారు. నేను లంబాడీ అని వాళ్ళకి తెలుసు. ఒక్కరూ నన్ను రమ్మనలేదు, ఆ స్టెప్పు ఏంటని అడగలేదు. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది.'

గదిలో ఎవరూ కదల్లేదు. అప్పటిదాకా సెలీనాని, స్టెఫానీని నిలదీసినవాళ్ళమే అందరమూ. మన పెళ్ళిళ్ళ సంగీత్‌లలో, మన సినిమా పాటల్లో, మన స్కూల్ యానివర్సరీల్లో తండా ఆడవాళ్ళ బట్టలు ఎన్నిసార్లు వేషాలుగా మారాయో అందరికీ తెలుసు. కరీంనగర్ నుంచి వచ్చిన అన్న ఒకాయన అందుకుని, మా యాసని ఇన్నేళ్ళు సినిమాల్లో విలన్‌కీ కమెడియన్‌కీ ఇచ్చి నవ్వుకున్నారు కదా, అదీ ఇదే అన్నాడు. అవును, అదీ ఇదే. లాక్కున్నవాడికి ఆట, పోగొట్టుకున్నవాడికి అవమానం.

ఒకబ్బాయి నిజాయితీగానే అడిగాడు, 'మరి మేం ఆ బట్టలు వేసుకోకూడదంటారా?' ఆ అమ్మాయి వెంటనే 'వేసుకోండి' అంది. బళ్ళారి జిల్లా సండూరులో మా ఆడవాళ్ళే కుట్టి అమ్ముతున్నారు, వాళ్ళ దగ్గర కొనండి, ఎవరు కుట్టారో నలుగురికీ చెప్పండి, డాన్స్ వెయ్యాలనుకుంటే మా దగ్గరికి వచ్చి నేర్చుకోండి, స్టేజీ మీద మమ్మల్ని కూడా నిలబెట్టండి అంది. సండూరు లంబాణీ (లంబాడీలకే అక్కడి పేరు) కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది, అంటే ఆ పేరుతో అమ్మాలంటే అక్కడివాళ్ళు చేసిందే అయ్యుండాలి. బెంగళూరులో ఉన్న మనకి బళ్ళారి ఎంత దూరమని? రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం.

ఆ మాటల తర్వాత నాకు లారా విషయంలోనూ, ఆమె అభిమానుల విషయంలోనూ స్పష్టత వచ్చింది. బొట్టు ఎవరు పెట్టుకోవచ్చు, ఎవరు పెట్టుకోకూడదు అని గేటు దగ్గర కాపలా కాయడం నాకు ఇష్టం లేదు. పేరు ఎవరికి వస్తోంది, డబ్బు ఎవరికి పోతోంది, పక్కన ఎవర్ని నిలబెట్టారు, ఈ మూడూ చూస్తాను. 2025 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ మన బెంగళూరులోనే పాడినప్పుడు దేవర సినిమాలోని చుట్టమల్లే పాటని తెలుగులో అందుకున్నాడు, ఆ పాట పాడిన శిల్పారావుని స్టేజీ మీదకి పిలిచి ఆమెతో కలిసి పాడాడు. జనం వెర్రెత్తిపోయారు. ఎవరికీ అది దొంగతనంలా అనిపించలేదు, ఎందుకంటే ఆ పాట మనిషి అక్కడే ఉంది, పాట పేరు దాచలేదు, మాటలు నేర్చుకుని పాడాడు. లారా తన ఇంటి గుర్తుని తనే పెట్టుకుంటే దానికి ఇంతకంటే సంజాయిషీ అక్కర్లేదు. బ్రెజిల్‌లోనో ఫిలిప్పీన్స్‌లోనో ఉన్న అభిమాని ఆమె మీద ప్రేమతో పెట్టుకుంటే నాకు కోపం రాదు, రేపు తన ఊళ్ళో బొట్టు పెట్టుకున్న మనమ్మాయిని ఎవరైనా వెక్కిరిస్తే పక్కన నిలబడితే చాలు. దాన్ని 'ఫేస్ జెమ్స్' అని పేరు మార్చి అమ్ముకునే కంపెనీ మీద మాత్రం వస్తుంది.

ఆ కోపమే కౌంటర్ దగ్గర వచ్చింది. ఫిర్యాదు ఇదీ. చర్చ అయ్యాక అందరం కిందికి వెళ్ళే దారిలో ఆ కౌంటర్ ముందే ఆగాం. అక్కడ మెరిసే ప్యాకెట్లో చిన్న రాళ్ళ బొట్టుబిళ్ళల షీటు ఒకటి, మీద ఇంగ్లీషులో 'పాప్ ఐడల్ ఫేస్ జెమ్స్' అని, నుదుట రాయి పెట్టుకున్న ఒక తెల్లమ్మాయి బొమ్మ. ధర 399. అచ్చం ఇలాంటి రాళ్ళ బిళ్ళలు చిక్‌పేట పక్కన మామూల్‌పేటలో ముప్పై రూపాయలకి దొరుకుతాయి, మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో నలభై అంటారు, బేరమాడితే తగ్గుతారు. ధర ఎక్కువని గొడవ చెయ్యను, చర్చ్ స్ట్రీట్ అద్దెలు ఎలా ఉంటాయో తెలుసు. వెనక్కి తిప్పి చూస్తే తయారుచేసినవాళ్ళ పేరు లేదు, ప్యాక్ చేసినవాళ్ళ పేరు లేదు, దిగుమతి అయితే ఏ దేశంనుంచో లేదు, ఫిర్యాదుకి ఫోన్ నంబర్ లేదు. మన దేశంలో 2011 నుంచి అమల్లో ఉన్న ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం ఇవి ప్యాకెట్ మీద ఉండి తీరాలి. చర్మానికి జిగురుతో అతికే వస్తువు, ఆ జిగురు పడక నుదుట పుండుపడినవాళ్ళని మనం అందరం చూసే ఉంటాం, అలాంటప్పుడు ఎవర్ని అడగాలి? పైన గదిలో గంటన్నరసేపు ఎవరి పేరు ఎవరు మింగేశారని మాట్లాడుకుని కిందికి వస్తే, చేసినవాళ్ళ పేరే లేని బొట్టు ప్యాకెట్ చేతిలో పెడుతున్నారు.

పక్కనే హ్యాంగర్‌కి అద్దాల జాకెట్లు. 'బోహో జాకెట్' అని ట్యాగ్, 3,200. తండా అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుని లోపలి కుట్టు తిప్పి చూసింది. మిషన్ కుట్టు, ప్లాస్టిక్ అద్దాలు. 'మా నానమ్మ చేతిపని అయ్యుంటే ఈ ధరకి నేనే కొనేదాన్ని' అంది.

కౌంటర్‌లో ఉన్న కుర్రాడు భయపడిపోయాడు, పాపం అతని తప్పేముంది. యజమానులు ఇద్దరు, భార్యాభర్తలు, పైనుంచి దిగి వచ్చారు. ఈ విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి, విసుక్కోలేదు, 'మేడమ్, మీరు కొనకపోతే పోనీ' అని అనలేదు. సరుకంతా ఒక సప్లయర్ దగ్గర్నుంచి డబ్బాల లెక్కన వస్తుందట, ఎక్కడ తయారవుతుందో తామూ అడగలేదట. అడగాలి కదండీ అన్నాను. అడుగుతామన్నారు. ఆయన కాస్త వాదించాడు కూడా, 'ఫ్యాన్స్ ఇవే కావాలంటున్నారు, బొట్టు అని రాస్తే కొనరు.' ఆవిడ మాత్రం భర్త మాటకి అడ్డుపడి, బొట్టు అనే రాద్దాం, కొంటారో లేదో చూద్దాం అంది. ఆవిడ పక్కనే నిలబడ్డాం అందరం.

అడిగితే మారుతుందా అని అనుమానపడేవాళ్ళకి ఇటీవలి ఉదాహరణ ఒకటి, ఇది కూడా ఆ మెట్ల మీద నిలబడి మాట్లాడుకున్నదే. 2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా వాళ్ళు కొల్హాపురి చెప్పుల్లాంటివి ర్యాంప్ మీద నడిపించి, ఆ పేరే ఎత్తలేదు. ఆ చెప్పులకి 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో బెళగావి, బాగల్‌కోట్, ధార్వాడ్, విజయపుర. గొడవ పెద్దదయ్యాక అవి భారతీయ చేతిపని నుంచి వచ్చినవేనని ఒప్పుకున్నారు. డిసెంబర్‌లో రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుని ఇక్కడి కళాకారులతోనే రెండువేల జతలు చేయిస్తామని ప్రకటించారు. ఆ డబ్బులో చెప్పులు కుట్టినవాళ్ళ చేతికి ఎంత వస్తుందో గట్టిగా అడగాల్సిందే, ఒప్పందంతో పని అయిపోదు. కానీ ముందు పేరు వచ్చింది, పేరు వస్తేనే కదా కూలి గురించి అడిగే వీలు. ఇటలీ కంపెనీ దిగొచ్చినప్పుడు చర్చ్ స్ట్రీట్ కేఫ్ ఎందుకు మారదు?

నేను యజమానులకి రాసిచ్చింది ఇంతే: ప్యాకెట్ల మీద చట్టం అడిగిన వివరాలు లేకపోతే అమ్మకండి. బొట్టుని బొట్టనే రాయండి. అద్దాల జాకెట్ పెట్టాలనుకుంటే సండూరు ఆడవాళ్ళ దగ్గర తెప్పించండి, కుట్టిన సంఘం పేరు ట్యాగ్ మీద వెయ్యండి, ఖరీదు ఐదువేలైనా సరే, పైన కూర్చున్నవాళ్ళలో కొనేవాళ్ళున్నారు. తర్వాత ఇంకోసారి వెళ్ళినప్పుడు ఆ బొట్టు ప్యాకెట్లు కౌంటర్ మీద లేవు. జాకెట్లు ఇంకా వేలాడుతున్నాయి, ట్యాగ్ కూడా అదే. అడిగితే పాత సరుకు అన్నారు. అందుకే ఐదుకి మూడున్నరే ఇస్తున్నాను, ఆ ట్యాగ్ మారిన రోజు ఈ రివ్యూలో మార్కులు మారుస్తాను.

మిగిలిన చిన్న లోపాలు కూడా రాస్తాను. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి దారే లేదు, దీని గురించి వాళ్ళు నిజంగా ఆలోచించాలి. ఒక స్పీకర్ గరగరమంటోంది, వెనక కూర్చుంటే స్టేజీ మీది మాటలు సగమే వినబడతాయి. బాత్‌రూమ్ శుభ్రంగా ఉంది. తొమ్మిదిన్నరకల్లా పంపించేస్తారు, పీజీల్లో ఉండే అమ్మాయిలకి అది మంచిదే. సొంత బండిలో వెళ్ళకండి, శనివారం అక్కడ పార్కింగ్ దొరకడం కష్టం, ఎంజీ రోడ్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు. తెలుగులో చర్చ కావాలంటే పదిహేనుమంది కలిసి ముందుగా అడగాలి. మా బ్యాచ్ మళ్ళీ అడిగింది, ఈసారి మన సినిమా పాటల్లో గిరిజన వేషాల గురించి, మొదటి మైక్ ఆ తండా అమ్మాయికి ఇవ్వాలని నడిపించే తమ్ముడితో అప్పుడే మాట్లాడేశాం. టికెట్లు బుధవారం సాయంత్రం తెరుస్తారు, త్వరగా అయిపోతాయి.